దర్జీ మాస్టరు మనకు అప్పగించి వెళ్లిన పని

(కడప జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో జరిగిన సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభ జరపడానికి మాస్టరు కుటుంబం ఒకే ఒక షరతు మీద ఒప్పుకున్నది. ఆయన పేరు బ్యానరు మీద ఉండరాదు, పత్రికలో రారాదు. మసీదు మరమ్మతుకు ఇచ్చినా, మదరసా పిల్లల దుస్తులకు ఇచ్చినా చందా రసీదు మీద ఆయన తన పేరు రాయనిచ్చేవారు కారు. “ఒక సోదరుడు” అని రాయించేవారు. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియరాదన్న నియమాన్ని ఆయన జీవితమంతా పాటించారు. ఆయన పిల్లలు ఆ మర్యాదను నిలబెట్టాలనుకుంటున్నారు. కాబట్టి నేనూ ఊరంతా పిలిచినట్లే ఆయనను “మాస్టరు” అనే పిలుస్తాను. ఈ ఊరి ఉన్నత పాఠశాలలో మాబోటి మాస్టర్లం చాలామంది పనిచేసి వెళ్లిపోయాం. బజారులో మాత్రం మాస్టరు అంటే దర్జీ మాస్టరు ఒక్కరే.

ముందుగా ఆయన వృత్తిని గురించి చెప్పాలి. ఆయన చేసిన సేవ వేరు, కుట్టుపని వేరు అనుకుంటే ఆయన మనకు అర్థం కారు. 12 ఏళ్ల వయసులో బడి మాని ఒక ఉస్తాదు దగ్గర చేరారు. మొదటి ఏడాది మిషను ముట్టనివ్వలేదట. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, బొగ్గుల ఇస్త్రీపెట్టె ఊది వేడిచేయడం, బాబిన్లకు దారం చుట్టడం, ఇవే పనులు. రెండో ఏట హెమ్మింగు, మూడో ఏట పైజామాలు, లంగాలు. గుడ్డ మీద సుద్దతో గీత గీసి కత్తెర పెట్టనివ్వడానికి ఐదేళ్లు పట్టింది. “కుట్టు తప్పితే విప్పి కుట్టవచ్చు, కత్తిరింపు తప్పితే గుడ్డ పోయినట్టే” అని ఉస్తాదు చెప్పిన మాటను ఆయన తన దగ్గర చేరిన ప్రతి కుర్రవాడికీ చెప్పేవారు. తరువాతి కాలంలో సంఘం పనులలోనూ ఆయన ఇదే పద్ధతిని పాటించారు. మాట అనడానికి ముందు కొలిచేవారు. సంతకం పెట్టడానికి ముందు చదివించుకునేవారు.

ఆ రోజులలో ప్రొద్దుటూరు బజారు నుంచి తానులకు తానులు గుడ్డ వచ్చేది. రంజాన్ చివరి పది రోజులు, దసరా ముందు వారం, సంక్రాంతి, జూన్‌లో బడులు తెరిచే రోజులు దర్జీ ఇంటికి పంటకాలాలు. రాత్రంతా మిషను నడిచేది. రెడీమేడ్ దుస్తులు వచ్చాక ఆ పంట ఎండిపోయింది. ఒక వీధిలో ఆరు దుకాణాలుంటే రెండు మిగిలాయి. మిగిలినవారు గల్ఫుకు పోయినవారు కొందరు, ఆటో తోలుకున్నవారు కొందరు. మాస్టరు స్కూలు యూనిఫారాలు, రవికెలు, పాతబట్టల సవరింపు పెట్టుకొని నిలబడ్డారు.

ఇది ఒక్క దర్జీ కథ కాదు. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం పనిచేసే ముస్లింలలో 61 శాతం మంది స్వయం ఉపాధి మీద బతుకుతున్నారు. హిందువులలో ఆ సంఖ్య 55 శాతం. ముస్లిం స్త్రీలలోనైతే 73 శాతం. స్వయం ఉపాధి అనే మాట వినడానికి గౌరవంగా ఉంటుంది. దాని వెనుక ఉన్నది మాత్రం నెలజీతం, పెన్షను, భవిష్య నిధి, సెలవు ఏవీ లేని బతుకు. కన్ను మసకబారిన నాడు దర్జీ ఆదాయం ఆగిపోతుంది. నడుము పట్టిన నాడు దూదేకులవాని ఆదాయం ఆగిపోతుంది. మన సంఘంలో సగానికి పైగా కుటుంబాలు ఒక జ్వరానికి, ఒక ఆపరేషనుకు అప్పులపాలయ్యే దూరంలోనే ఉన్నాయి. మాస్టరు నివేదికలు చదివిన మనిషి కాదు. కానీ ఈ సంగతి ఆయనకు తెలుసు, ఎందుకంటే ఆ కుటుంబాల స్త్రీలే ఆయన దుకాణానికి హెమ్మింగు పనికోసం వచ్చేవారు.

వారికి ఆయన చేసింది రెండు పనులు. మొదటిది, కూలి లెక్క. ఇంటికి తీసుకుపోయిన ప్రతి జాకెట్టు, ప్రతి డజను కాజాల లెక్కను ఒక పుస్తకంలో ఆయనా, అదే లెక్కను మరో పుస్తకంలో ఆ స్త్రీలూ రాసుకోవాలి. రాయడం రాని తల్లికి బడికి పోయే కూతురు రాయాలి. శుక్రవారం జుమా నమాజుకు ముందే కూలి చేతికి అందాలి. రెండవది, వడ్డీలేని అప్పు. రోజువడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కకుండా ఉండేందుకు కొందరు చిరువ్యాపారులను కూడగట్టి ఖర్జె హసనా నిధి ఒకటి నడిపారు. తోపుడుబండి కొనడానికి, మిషను విడిపించుకోవడానికి, ఆసుపత్రి ఖర్చుకు చిన్న మొత్తాలు ఇచ్చేవారు. జామీను ఇద్దరు ఇరుగుపొరుగువారు. తిరిగి రాని అప్పులు ఉన్నాయా అంటే ఉన్నాయి. వాటిని జకాతు నుంచి మాఫీ చేయవచ్చునా అని ఆలిములను అడిగి, వారు చెప్పిన పద్ధతిలో లెక్క కట్టించేవారు. నిధిలో ఒక్క రూపాయి కూడా తేడా వచ్చిందని ఎవరూ వేలెత్తి చూపలేదు.

ఇక పేర్ల సంగతి. ఇది వినడానికి చిన్న విషయంగా ఉంటుంది. నేను ఉపాధ్యాయుడిగా దీని విలువను దగ్గర నుంచి చూశాను.

జూన్‌లో పిల్లలు యూనిఫారం కొలతలకు వచ్చినప్పుడు మాస్టరు పుస్తకంలో పేరు రాసుకునేవారు. అలా రాసేటప్పుడు అడిగేవారు, “బేటీ, బడిలో నీ పేరు ఎట్లా రాశారు? ఆధార్‌లో ఎట్లా ఉంది? మీ నాన్న రేషన్ కార్డులో ఎట్లా ఉంది?” మన ఇంటిపేరు షేక్ అనుకోండి. ఇంగ్లీషులో అది ఒకచోట రెండక్షరాల పొడిపేరు, మరొకచోట ఐదక్షరాలు, ఇంకొకచోట ఆరక్షరాలు. ఆడపిల్లల పేరు చివర ఒక కాగితంలో బీ, ఒక కాగితంలో బేగం, పెళ్లయ్యాక ఇంకొక కాగితంలో భర్త ఇంటిపేరు. పుట్టిన తేదీ సంగతి సరేసరి, చాలామందికి జనవరి 1 గానో జూలై 1 గానో వేసేస్తారు. పదవ తరగతి సర్టిఫికెట్ అచ్చయ్యాక దానిని మార్చడం ఎంత కష్టమో మీకు తెలుసు. తొమ్మిదో తరగతిలోనే సరిచూసుకోవాలి. మాస్టరు కొలతల పుస్తకంలో నడుము, ఛాతీ, చేయి కొలతల పక్కన ఒక చిన్న గుర్తు ఉండేది. ఆ గుర్తు ఉంటే ఆ పిల్ల కాగితాలలో తేడా ఉందని అర్థం. యూనిఫారం ఇచ్చే రోజున తండ్రిని వెంట తీసుకురమ్మనేవారు. ఆయనే చీటీ రాసి నా దగ్గరకు పంపేవారు. అలా నా దగ్గరకు వచ్చిన పిల్లలు ఎందరో.

రిజర్వేషన్ల చరిత్ర తెలిసినవారికి ఈ చీటీల విలువ తెలుస్తుంది. 2004లో ప్రభుత్వ ఉత్తర్వుగా, 2005లో చట్టంగా వచ్చిన 5 శాతం రిజర్వేషన్లను హైకోర్టు కొట్టివేసింది. పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా 2007లో వెనుకబడిన 14 ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం కేటాయించారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల అది నేటికీ కొనసాగుతోంది. ఇంత పోరాడి నిలుపుకున్న హక్కు ఒక అక్షరం తేడా వల్ల కౌన్సెలింగు బల్ల ముందు చేజారిపోతే ఆ తప్పు ఎవరిది? దూదేకుల సోదరులు బీసీ-బీలో ఉన్నారు, షేక్‌లు బీసీ-ఈలో ఉన్నారు, సయ్యద్‌లు, పఠాన్‌లు ఆ జాబితాలో లేరు. ఏ కుటుంబం ఏ ధ్రువపత్రానికి అర్హమో తెలియక అందరినీ ఒకే గాటన కట్టి తిప్పి పంపే కార్యాలయాలు ఉన్నాయి. మాస్టరు జాబితా కాగితాన్ని తన దుకాణం గోడకు అంటించి పెట్టుకున్నారు. కుట్టుకూలి ధరల పట్టిక పక్కనే అది ఉండేది.

2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 64.8 శాతం, ముస్లింలలో 59.1 శాతం. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నలుగురికి ఒకరు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని సచార్ కమిటీ చెప్పింది. ఆ తరువాత స్కాలర్‌షిప్పులు వచ్చాయి, కొంత మార్పు వచ్చింది. మళ్లీ 2022 నవంబరులో కేంద్రం ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పును 9, 10 తరగతులకే పరిమితం చేసింది. 1 నుంచి 8 వరకు చదివే పిల్లలకు అది ఆగిపోయింది. ఆ డిసెంబరులోనే పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. ఆ ఏడాది మాస్టరు ఎవరినీ నిందిస్తూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఖర్జె హసనా నిధి సభ్యులను పిలిచి, ఇకమీదట జూన్ నెలలో అప్పుల్లో మొదటి హక్కు పిల్లల పుస్తకాలకు, ఫీజులకు అని తీర్మానం చేయించారు. ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు, అడుగుతూనే ఉండాలి. ఆ జవాబు వచ్చేదాకా పిల్ల బడి మానకుండా చూడడం మన బాధ్యత అనేది ఆయన వాదం.

కఫన్ గుడ్డ గురించి చెప్పకపోతే ఈ సభ పూర్తికాదు. ఆయన దుకాణంలో పై అరలో తెల్లగుడ్డ తాను ఒకటి ఎప్పుడూ ఉండేది. దానిని అమ్మరు. ఎవరింట మౌతు జరిగినా అర్ధరాత్రయినా తలుపు తట్టవచ్చు. మగవారికి ఇజారు, కఫనీ, లిఫాఫా మూడు. ఆడవారికి వాటితోపాటు ఓఢ్నీ, సీనాబందు కలిపి ఐదు. కొలిచి, కత్తిరించి, మడిచి ఇచ్చేవారు. దానికి ఖరీదు అడగలేదు. స్తోమత ఉన్నవారు మరో తాను తెచ్చి అరలో పెట్టి వెళ్లేవారు. 2020, 2021లలో కరోనా కాలాన పిల్లలు ఆయనను గడప దాటనివ్వలేదు. ఇంట్లోనే కూర్చొని కత్తిరించి యువకుల చేత పంపించారు. చాలామంది చివరి ప్రయాణానికి ఆయన కత్తెర పనిచేసింది. ఆయన కఫన్‌ను ఆయన శిష్యుడు కత్తిరించాడు.

ఇప్పుడు ఖబరస్తాన్ విషయానికి వస్తాను. ఈ సభలో నేను ముఖ్యంగా చెప్పదలచింది ఇదే.

మన ఖబరస్తాన్ ఒకప్పుడు ఊరి బయట. ఊరు పెరిగి రోడ్డు వెడల్పయ్యాక అది రోడ్డు పక్క స్థలమైంది. స్థలానికి ధర వచ్చినప్పుడు చనిపోయినవారికి కూడా పొరుగు తగాదాలు మొదలవుతాయి. ఒకవైపు ఒక దుకాణం గోడ లోపలికి జరిగింది. ఇంకోవైపు పొలం గట్టు జరిగింది. గట్టు జరిపినవారు హిందువు. గోడ జరిపినవారు మన జమాఅతువారే. ఊళ్లో కొందరు గట్టు సంగతి మాత్రమే మాట్లాడాలని చూశారు. అది మతం తగాదా అయితే గోడ సంగతి మరుగున పడుతుంది. మాస్టరు దానికి ఒప్పుకోలేదు. “కొలత మొదలుపెడితే నాలుగు వైపులా కొలవాలి, మూడు వైపుల కొలిచి చొక్కా కుట్టలేము” అన్నారు.

ఆయన చేసిన పద్ధతిని యువకులు శ్రద్ధగా వినాలి. మొదట కాగితాలు. 1954 నాటి వక్ఫ్ చట్టం కింద వక్ఫ్ ఆస్తులను సర్వే చేసి, వాటి జాబితాలను గెజెట్‌లో ప్రచురించారు. మన ఖబరస్తాన్ వివరం ఉన్న గెజెట్ ప్రతిని వక్ఫ్ బోర్డు కార్యాలయం నుంచి సంపాదించారు. అందులోని సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు తీసుకొని రెవెన్యూ కార్యాలయానికి వెళ్లారు. అడంగల్, ఆర్‌ఎస్‌ఆర్, ఎఫ్‌ఎంబీ పటం నకళ్లకు దరఖాస్తు పెట్టారు. రాని కాగితాలకు సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టారు. దుకాణం మూసి తిరిగిన రోజులకు కూలి లేదు, చార్జీలు ఆయనవే. తరువాత సర్వేయరును పిలిపించి, పొరుగువారందరికీ నోటీసు ఇప్పించి, అందరి సమక్షంలో కొలత వేయించారు. ఆ రోజు మసీదు పెద్దలతో పాటు ఊరి రైతు పెద్దలనూ, గుడి ధర్మకర్తనూ సాక్షులుగా రమ్మని స్వయంగా వెళ్లి పిలిచారు.

వారు వచ్చారు. ఉగాది నాడు దేవుని కడప వెంకన్న దర్శనానికి ముస్లింలు బారులు తీరే జిల్లా ఇది. అమీన్ పీర్ దర్గాకు అన్ని మతాలవారూ తరలివచ్చే జిల్లా ఇది. అలాంటి చోట న్యాయమైన కొలతకు సాక్షిగా నిలబడమంటే ఎవరు కాదంటారు? హద్దురాళ్లు తేలాయి. గట్టు జరిపిన రైతు పెద్దల మాట మీద ఆ వారంలోనే వెనక్కి జరిగారు. గోడ జరిపిన మన సోదరుడు మాత్రం జరగలేదు. మాస్టరుతో కొన్నేళ్లు మాటలు మానేశారు. “దర్జీకి పెత్తనం ఎందుకు” అన్నారు. ఆ కుటుంబంలో మౌతు జరిగినప్పుడు కఫన్ గుడ్డ మాత్రం మాస్టరు దుకాణం నుంచే వెళ్లింది. అయినా తగాదా విషయంలో ఆయన మెత్తబడలేదు. వక్ఫ్ బోర్డుకు ఫిర్యాదు ఇచ్చారు. 1995 చట్టంలోని 54వ సెక్షన్ కింద ఆక్రమణ తొలగింపు కోరారు. ఆ వ్యవహారం ఇంకా తెమలలేదు. అది తెమలకుండానే ఆయన 78వ ఏట మనల్ని విడిచి వెళ్లారు.

ఆయనతో అందరికీ పొసగేది అని నేను అనను. మసీదు జమాఖర్చులను ప్రతి నెలా నోటీసు బోర్డు మీద పెట్టాలని పట్టుబట్టి కమిటీలో చాలామందికి కంటగింపు అయ్యారు. వార్డు ఎన్నికలో నిలబడమని పార్టీలవారు వస్తే టీ ఇచ్చి పంపించారు. ఆయన నిలబడి ఉంటే ఖబరస్తాన్ గోడ ఎప్పుడో లేచేదని అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉండవచ్చు. అధికారం లేనివాడి అర్జీ బల్ల మీద చాలాకాలం పడి ఉంటుంది. కానీ ఏ పార్టీ జెండా లేనందువల్లనే నాలుగు వైపులవారూ ఆయన కొలతను నమ్మారన్నది కూడా నిజమే.

సోదరులారా, ఆయన వదిలి వెళ్లిన ఆస్తి ఒక మిషను, ఒక కత్తెర, ఒక రేకు పెట్టె. ఆ పెట్టెలో గెజెట్ ప్రతి, పటం నకలు, సర్వే నివేదిక, ఇచ్చిన ప్రతి అర్జీకి రసీదు తేదీల వారీగా ఉన్నాయి. ఆ పెట్టె నేడు ఎందుకు అవసరమో చెబుతాను. 2025లో వక్ఫ్ చట్టాన్ని సవరించారు. వాడుక ద్వారా వక్ఫ్ అయిన ఆస్తి అనే భావనను ఇకముందు ఏర్పడే వాటికి తొలగించారు. వక్ఫ్ ఆస్తులను తిరిగి స్వాధీనం చేసుకునే దావాలకు కాలపరిమితి చట్టం వర్తించదన్న 107వ సెక్షన్‌ను ఎత్తివేశారు. ప్రతి వక్ఫ్ ఆస్తి వివరాలను ఆరు నెలలలో ఎక్కించాలని 2025 జూన్‌లో ఉమీద్ పోర్టల్ తెరిచారు. ఆ సవరణలలో కొన్నింటి అమలును సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న మధ్యంతర ఉత్తర్వుతో నిలిపివేసింది గానీ చట్టం మొత్తాన్ని నిలపలేదు. ఈ చట్టం న్యాయమా అన్యాయమా అనే పోరాటం కోర్టులలో, ప్రజాస్వామ్య పద్ధతిలో సాగవలసిందే. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇప్పటిదాకా ఆలస్యం మనకు నష్టమే గాని హక్కు పోయేది కాదు. ఇకమీదట ఆలస్యం వల్ల హక్కే పోవచ్చు. కాగితం లేని ఖబరస్తాన్, కాగితం ఉండి ఎవరి దగ్గర ఉందో తెలియని ఖబరస్తాన్, రెండూ ఒకే ప్రమాదంలో ఉన్నాయి.

మన ఊళ్లో ఆ పెట్టె ఉంది. చుట్టుపక్కల ఎన్ని ఊళ్లలో అలాంటి పెట్టె ఉంది? ముతవల్లీ ఇంట్లో పాత ట్రంకులో చెదలు తింటున్న దస్తావేజులు ఎన్ని? ఈ ప్రశ్నకు జవాబు వెదకడమే మాస్టరుకు నివాళి అని నేను భావిస్తున్నాను.

కాబట్టి ఈ సభ ముందు మూడు పనులు పెడుతున్నాను. మొదటిది, రేకు పెట్టెలోని ప్రతి కాగితాన్ని స్కాన్ చేసి మూడు చోట్ల భద్రపరచాలి. పోర్టల్‌లో మన ఖబరస్తాన్ వివరం సరిగా ఎక్కిందో లేదో, సర్వే నంబరు, విస్తీర్ణం గెజెట్‌తో సరిపోతున్నాయో లేదో చూసి వచ్చే నెల జమాఅతుకు చెప్పాలి. చదువుకున్న ఇద్దరు యువకులు ఈ భారం తీసుకోవాలి. రెండవది, ప్రతి జూన్‌లో తొమ్మిదో తరగతి చేరే మన పిల్లలందరి పేర్లు, పుట్టిన తేదీలు, ఆధార్, బడి రికార్డు సరిచూసే పని. దీనిని చదువుకున్న ఆడపిల్లలు తీసుకోవాలని నా కోరిక. ఎందుకంటే పేరులో తేడా వల్ల ఎక్కువ నష్టపోయేది వారే. మూడవది, ఖర్జె హసనా నిధి ఆగరాదు. లెక్క పుస్తకాలు సిద్ధంగా ఉన్నాయి, రాసే చేయి కావాలి.

ఇవేవీ గొప్ప పనులు కావు. దుకాణం నడుపుకుంటూ, ఐదు పూటల నమాజు చేసుకుంటూ, ఇంటిని పోషించుకుంటూ ఒక మనిషి చేసిన పనులు ఇవి. ఒకడు చేయగలిగినదాన్ని వందమందిమి పంచుకుంటే బరువేమీ కాదు. గోడ జరిపిన కుటుంబంవారు కూడా ఈ సభలో ఉన్నారు. వారు రావడమే నాకు సంతోషం. సర్వే రాయి ఎక్కడ ఉందో మనందరికీ తెలుసు. కోర్టు చెప్పేదాకా ఆగాలా, మనమే ఆ రాయి దగ్గర కూర్చొని మాట్లాడుకోవాలా అనేది వారి నిర్ణయానికే వదిలిపెడుతున్నాను. రేపు వారికైనా మనకైనా విశ్రాంతి స్థలం అదే.

అల్లాహ్ మాస్టరు తప్పులను క్షమించి, ఆయన సత్కార్యాలను స్వీకరించి, ఆయన ఖబరును ప్రకాశవంతం చేయుగాక. ఆయన ఇల్లాలికి, పిల్లలకు సహనాన్ని ప్రసాదించుగాక. ఆయన మొదలుపెట్టిన పనిని ముగించే శక్తిని మనకు ఇచ్చుగాక. ఆమీన్.